పొలం కొనే ముందు పైనుంచి చూసుకోవడానికి ఏది మేలు: గూగుల్ ఎర్త్ ప్రో, సెంటినెల్, భువన్, డ్రోన్?

షాద్‌నగర్, చేవెళ్ల, వికారాబాద్, భువనగిరి వైపు ఎకరమో రెండెకరాలో కొని, ఓ చిన్న ఇల్లు కట్టుకుని, నాలుగు మామిడి చెట్లు పెంచుకుందామనుకునే హైదరాబాద్ వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. అమ్మేవాళ్లు లొకేషన్ పంపుతారు, డ్రోన్ వీడియో పంపుతారు. అంతటితో సరిపోతుందా? గూగుల్‌లో వెతకాలా, ఇస్రో వాళ్ల భువన్‌లో చూడాలా, మనమే డ్రోన్ ఎగరేయించాలా?

కొనాలా వద్దా అని తేల్చుకునే దశలో నా మొగ్గు కంప్యూటర్‌లో వేసుకునే గూగుల్ ఎర్త్ ప్రో వైపు, దానికి జతగా సెంటినెల్-2 అనే ఐరోపా ఉపగ్రహాల బొమ్మల వైపు. రెండూ ఉచితమే. డ్రోన్‌తో పని రిజిస్ట్రేషన్ అయ్యాక మొదలవుతుంది. భువన్ ఒక పనికి బాగా అక్కరకొస్తుంది, అది కింద చెబుతాను.

ఏ నెల బొమ్మ అన్నదే అసలు సంగతి

బొమ్మ ఎంత స్పష్టంగా ఉందో అందరూ చూస్తారు. అంతకన్నా ముందు అది ఏ నెలలో తీసిందో చూడాలి. వానాకాలంలో మబ్బులు కమ్ముకుని ఉంటాయి కాబట్టి మనకు దొరికే స్పష్టమైన బొమ్మల్లో ఎక్కువ భాగం నవంబరు నుంచి మే లోపు తీసినవే. ఏప్రిల్‌లో ఎండిపోయిన కుంటకూ, దున్ని వదిలేసిన చెల్కకూ పైనుంచి పెద్ద తేడా కనిపించదు. శిఖం భూమిలో, అంటే చెరువు నిండితే మునిగే భూమిలో, గీసిన ప్లాట్లు ఆ బొమ్మల్లో చదునుగా, ముచ్చటగా ఉంటాయి. నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ బొమ్మ చెప్పదు.

చెప్పకపోతే నష్టం ఎంతో నిబంధనలు చూస్తే తెలుస్తుంది. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే అంచు) నుంచి 30 మీటర్లు వదలాలి. అంతకన్నా చిన్న చెరువుకు, కుంటకు 9 మీటర్లు. 10 మీటర్లు దాటిన వెడల్పున్న వాగు, నాలాకు అంచు నుంచి 9 మీటర్లు, చిన్న నాలాకు 2 మీటర్లు. పది గుంటల (పావు ఎకరం) ముక్క సుమారు 32 మీటర్ల చదరం. ఒక పక్క పెద్ద చెరువు ఎఫ్‌టీఎల్ గీత తగిలిందంటే 30 మీటర్లు దానికే పోతాయి, ఇల్లు కట్టడానికి రెండు మీటర్ల పట్టీ మిగులుతుంది.

ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ శాటిలైట్ బొమ్మ మీద తేదీ కనిపించదు. దారి వెతుక్కోవడానికి అది చాలు, భూమిని అంచనా వేయడానికి చాలదు.

గూగుల్ ఎర్త్ ప్రో

2015 నుంచి ఉచితం. ముందు పొలం మూలలు సరిగ్గా కావాలి. అమ్మేవాళ్లు పంపే పిన్ తరచుగా గేటు దగ్గరిదో, రోడ్డు మీదిదో అవుతుంది. మీరే వెళ్లి ప్రతి మూలలో ఒక నిమిషం నిలబడి ఫోన్‌లో పాయింట్ పెట్టుకోండి. చెట్టు నీడ లేని చోట 3 నుంచి 5 మీటర్ల తేడాతో వస్తుంది. ఆ పాయింట్లను కేఎంఎల్ ఫైలుగా (పటాల యాప్‌లు చదివే ఫైలు) ఎర్త్ ప్రోలో తెరిచి, రంగు నింపకుండా గీత మాత్రమే ఉండేలా పాలిగాన్, అంటే మూలలన్నీ కలిపే హద్దు గీత, గీయండి. తర్వాత పైనున్న గడియారం గుర్తు నొక్కి ఒక్కో తేదీ వెనక్కి వెళ్లండి. చుట్టూ అర కిలోమీటరు కనిపించేంత ఎత్తులో ఒకసారి, పొలం ఒక్కటే తెర నిండేలా ఇంకోసారి చూడాలి.

ముందుగా బాట. ఇప్పుడు కారు వెళ్తున్న దారి 2010కి ముందరి బొమ్మల్లో కూడా బండ్లబాటగా ఉంటే అది ఊరు వాడే దారి అనడానికి మంచి ఆధారం. నిరుడే పుట్టిన దారి అయితే అది ఎవరో ఒకరి పట్టా భూమిలోంచి వస్తూ ఉండొచ్చు. ఆ ఒకరెవరో, రాతలో ఇచ్చారో లేదో అడగాలి. గ్రామ నక్షలో (ఊరి సర్వే పటంలో) ఆ బాట గీసి ఉందేమో చూడాలి.

తర్వాత పూడ్చిన వాగు. పాత బొమ్మల్లో తుమ్మ చెట్ల వరుస వంకరటింకరగా పొలం మధ్యలోంచి పోతూ ఉండి, ఒక ఏడాది ఉన్నట్టుండి ఆ చోటంతా ఎర్రమట్టిగా చదునైందంటే అక్కడ నీటి దారి మూసేశారన్న మాట. మీ పొలానికి ఎగువన, దిగువన అదే చెట్ల వరుస మిగిలి ఉంటే సందేహం అక్కర్లేదు. వాన పడితే నీళ్లు ఆ పాత దారినే వెతుక్కుంటూ వస్తాయి.

"పదేళ్ల మామిడి తోట" అని చెబితే చెట్లు లెక్కపెట్టండి. 10 మీటర్ల ఎడంతో వేస్తే ఎకరాకు 40, 5 మీటర్ల ఎడంతో వేస్తే 160 చెట్లు. ఏప్రిల్, మే బొమ్మల్లో గడ్డి ఎండిపోయి మామిడి ఒక్కటే ముదురు పచ్చగా ఉంటుంది కాబట్టి లెక్క సులువు. వెనక్కి వెళ్తూ గుండ్రటి చుక్కలు మొదటిసారి ఏ ఏడాది బొమ్మలో కనిపించాయో చూస్తే తోట వయసు దాదాపుగా తెలిసిపోతుంది.

హైటెన్షన్ తీగలు బొమ్మలో కనిపించవు, టవర్ నీడ కనిపిస్తుంది. ఈ ఉపగ్రహాల్లో చాలావరకు ఉదయం పదిన్నర ప్రాంతంలో మన మీదుగా వెళ్తాయి, అందుకే డిసెంబరు, జనవరి బొమ్మల్లో నీడలు వాయవ్యం వైపు పొడుగ్గా పడతాయి. రెండు టవర్లను కలుపుతూ గీత గీస్తే తీగ ఎక్కడినుంచి పోతుందో దొరుకుతుంది. దాని కింద వదలాల్సిన వెడల్పు 132 కేవీ అయితే 27 మీటర్లు, 220 కేవీ అయితే 35, 400 కేవీ అయితే 46. బావి లోతు, క్వారీ గుంత కూడా ఈ చలికాలపు నీడల్లోనే బయటపడతాయి. మే నెల బొమ్మలో ఇవేవీ అంతగా తెలియవు, సూర్యుడు బాగా పైకి వచ్చేసి ఉంటాడు, నీడలు కురచ.

ఇక దీనితో చేయకూడని పని కొలత. ఒక్కో తేదీ బొమ్మ కొన్ని మీటర్లు అటో ఇటో జరిగి ఉంటుంది. పాలిగాన్ కదలదు, కింద బొమ్మ కదులుతుంది. అది చూసి పక్కవాళ్లు గట్టు జరిపారని గొడవకు వెళ్లేవాళ్లున్నారు. బావి అంచు, పెద్ద బండ, కల్వర్టు లాంటి కదలని గుర్తు ఒకటి పెట్టుకుని, ప్రతి తేదీలోనూ గట్టును దానితోనే పోల్చాలి. అనంతగిరి లాంటి గుట్టల వాలుల్లో ఈ జరుగుడు ఇంకా ఎక్కువ. ఎకరం చదరంగా ఉంటే నాలుగు వైపులా గీత ఒక్క మీటరు బయటికి పోయినా రెండున్నర గుంటలు తేడా వస్తుంది. మూడు మీటర్లు పోతే దాదాపు ఎనిమిది గుంటలు. హద్దు తేల్చాల్సింది నక్ష, టీపన్ (సర్వే నంబరు కొలతల చిత్తు పటం) పట్టుకుని వచ్చే సర్వేయరే. ఎర్త్ ప్రోలో వచ్చే ఎత్తుపల్లాల గ్రాఫును కూడా నమ్మి పునాది ఎత్తు నిర్ణయించవద్దు. మన పల్లెల్లో దాని అడుగున ఉన్న ఎత్తుల లెక్క చాలా ముతక, మీటరు, రెండు మీటర్ల తేడాలు అందులో నిలవవు.

సెంటినెల్-2: నీళ్ల సాక్షి

ఐరోపా ఉపగ్రహాలు. మొదటిది 2015లో, రెండోది 2017లో వెళ్లాయి, అప్పటినుంచి అయిదు రోజులకొకసారి మన ఊరి బొమ్మ వస్తోంది. కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్‌లో చూడొచ్చు. ఇందులో ఒక్కో పిక్సెల్ 10 మీటర్ల చదరం, అంటే 100 చదరపు మీటర్లు. మన గుంట 101. పిక్సెల్‌కు గుంట, ఎకరాకు 40 పిక్సెళ్లు అని గుర్తుంచుకుంటే దీనితో ఏం చేయొచ్చో, ఏం చేయలేమో అర్థమవుతుంది. ఇల్లు కనిపించదు, బావి కనిపించదు. చెరువు నీటి అంచు మాత్రం పది, ఇరవై మీటర్ల తేడాతో దొరుకుతుంది, అదీ నిండిన వారంలోనే.

మన ప్రాంతానికి పెట్టుకోవాల్సిన తేదీ 2020 అక్టోబరు. ఆ నెల 13, 14 తేదీల్లో హైదరాబాద్ చుట్టుపక్కల కురిసిన వానకు చాలా చెరువులు అలుగు దూకాయి. ఆ అక్టోబరు చివర, నవంబరు మొదట్లో మబ్బు లేని రోజు వెతకండి. అప్పుడు నీళ్లు నిలిచిన చోట ఇల్లు కట్టే ఆలోచన మానుకోవడమే మంచిది, కాగితాలు ఎంత శుభ్రంగా ఉన్నా సరే.

మబ్బు శాతం ఫిల్టర్ తగ్గించి వెతకడం చాలామంది చేసే తప్పు. ఆ శాతాన్ని దాదాపు 110 కిలోమీటర్ల చదరమంత బొమ్మకు కలిపి లెక్కేస్తారు. నగరం మీద మబ్బు ఉండి మీ ఊరి మీద ఎండ కాయొచ్చు. ఫిల్టర్ 100 దగ్గరే ఉంచి ఒక్కో తేదీ కళ్లతో చూసుకోండి.

మామూలు రంగుల్లో చూస్తే ఎర్రమట్టి కలిసిన కొత్త నీరు ఎర్ర చెల్కలా కనిపించి మోసం చేస్తుంది. అందులోనే ఉండే ఫాల్స్ కలర్ (మార్చిన రంగులు) ఎంచుకోండి. పంట, చెట్లు ఎర్రగా, నీరు నలుపు లేదా ముదురు నీలంగా వస్తాయి. ఇక్కడా రెండు చిక్కులున్నాయి. గుర్రపుడెక్క కమ్మేసిన చెరువు పంట పొలంలా ఎర్రగా కనిపిస్తుంది, అలాంటప్పుడు కట్ట వంపు చూసి పోల్చుకోవాలి. రెండోది, నాట్లేసిన వరి మడి నీటిలా నల్లగా కనిపిస్తుంది. నెల, నెలన్నర తర్వాతి బొమ్మ తెరవండి. మడి ఎర్రబడుతుంది, చెరువు నల్లగానే ఉంటుంది.

నీటి అంచు దొరికాక అదే బ్రౌజర్‌లోని అనలిటికల్ డౌన్‌లోడ్‌లో కేఎంజెడ్ (ఎర్త్ ప్రో తెరవగలిగే ఫైలు) రూపంలో దించుకుని ఎర్త్ ప్రోలో తెరవండి. మీ పాలిగాన్ మీద ఎక్కడిదాకా వచ్చిందో కనిపిస్తుంది. ఇది అధికారిక ఎఫ్‌టీఎల్ గీత కాదు, హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్‌లో ఆ చెరువు పటం ఉంటే అదే ప్రమాణం. ఊరి చివర చిన్న కుంటలకు పటం దొరకనప్పుడు ఈ బొమ్మ చూపించి ఇరిగేషన్ వాళ్లను అడిగితే మాట సూటిగా జరుగుతుంది. వాన పడుతున్న రోజుల్లోనే చూడాలంటే అదే బ్రౌజర్‌లో సెంటినెల్-1 ఉంది. అది రాడార్, మబ్బులోంచి చూస్తుంది, నిలిచిన నీరు నల్లగా వస్తుంది.

భువన్

2009లో మొదలైంది, నడిపేది మన బాలానగర్‌లోని ఇస్రో సంస్థ ఎన్‌ఆర్‌ఎస్‌సీ, ఉపగ్రహ సమాచారం దిగేది షాద్‌నగర్‌లో. అందుకే దీన్నే మొదట చూడాలన్న అభిమానం చాలామందికి ఉంటుంది, అది సహజమే. కానీ పొలం స్థాయి పరిశీలనకు కార్టోశాట్-1 ఉపగ్రహం ఇచ్చే, పిక్సెల్‌కు రెండున్నర మీటర్ల బొమ్మ చాలదు, పైగా తేదీలు వెనక్కి జరుపుతూ పోవడం ఎర్త్ ప్రోలో ఉన్నంత సులువు కాదు. దీని బలం పటాల్లో ఉంది: భూ వినియోగం, బంజరు భూములు, భూగర్భ జలాల అవకాశం. 2005-06 భూ వినియోగ పటంలో మీరు కొనబోయే చోటు నీటి వనరుగా గుర్తించి ఉంటే అక్కడితో ఆగిపోవచ్చు. ఇవి 1:50,000 స్కేలువి, పటం మీద ఒక మిల్లీమీటరు నేల మీద 50 మీటర్లు. ఆ ఊళ్లో నీళ్లు పడే అవకాశం ఎలా ఉందో తెలుస్తుంది, బోరు ఎక్కడ వేయాలో తెలియదు.

డ్రోన్

స్పష్టతలో దీన్ని మించింది లేదు. 60 మీటర్ల ఎత్తు నుంచి 20 మెగాపిక్సెల్ కెమెరాతో పిక్సెల్‌కు రెండు సెంటీమీటర్ల లోపే వస్తుంది. కానీ అది చూపేది ఎగరేసిన ఆ రోజును మాత్రమే. అమ్మకం వీడియో ఎప్పుడు తీయాలో తీయించేవాళ్లకు బాగా తెలుసు. అందుకే కొనే నిర్ణయానికి ఇది నాలుగో సాక్ష్యం.

కొన్నాక మాత్రం తప్పకుండా చేయించండి. ఇల్లు ఎక్కడ, పొలం కుంట ఎక్కడ, వాన నీరు ఎటు పోవాలి అన్నది అర మీటరు కాంటూరు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) లేకుండా తేల్చడం కష్టం. పత్తి కట్టె పీకేశాక ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు ఎగరేయించాలి. కంది, పత్తి నిలబడి ఉంటే కాంటూరు పంట తలలను కొలుస్తుంది, నేలను కాదు. నాలుగు మూలల్లో, మధ్యలో ఒకటి, మొత్తం అయిదు చోట్ల ముగ్గుతో 60 సెంటీమీటర్ల ప్లస్ గుర్తులు వేయించి, వాటిని డీజీపీఎస్‌తో (ఫోన్ కన్నా చాలా కచ్చితమైన సర్వే జీపీఎస్) కొలిపించండి. అవి లేకుండా, ఆర్టీకే (ఎగురుతూనే తన చోటును కచ్చితంగా లెక్కేసుకునే పరికరం) లేని డ్రోన్‌తో తీసిన పటం అందంగా ఉంటుంది, ఉన్న చోటునుంచి ఒకటి రెండు మీటర్లు తప్పుతుంది. ఫోటోలు ముందుకు 80 శాతం, పక్కకు 70 శాతం ఒకదానిమీద ఒకటి పడాలి.

2021 డ్రోన్ నిబంధనల కింద గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతంలో) 400 అడుగుల వరకు ఎగరేయొచ్చు, విమానాశ్రయం హద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులే. శంషాబాద్, హకీంపేట, దుండిగల్ దగ్గరి పొలాలకు డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్‌లోని పటం చూడకుండా ఎవరినీ పిలవకండి.

మిగతావి

ఎస్రీ వేబ్యాక్ అనే వెబ్‌సైట్‌లో శాటిలైట్ పటానికి 2014 నుంచి వచ్చిన వెర్షన్లు ఉంటాయి. పైన కనిపించేది బొమ్మను పటంలో చేర్చిన తేదీ, తీసిన తేదీ కావాలంటే బొమ్మ మీద నొక్కి చూడాలి. ఎర్త్ ప్రోలో ఖాళీ ఉన్న ఏడాదికి బింగ్ మ్యాప్స్ కూడా ఒకసారి తెరవండి. 2015కి ముందు నీళ్లు చూడాలంటే అమెరికా ఉపగ్రహం ల్యాండ్‌శాట్, ఒక్కో పిక్సెల్ తొమ్మిది గుంటలు కాబట్టి పెద్ద చెరువులకే పనికొస్తుంది.

పొలం చూడటానికి వెళ్లే రోజున మూడు ప్రింట్లు వెంట ఉండాలి: దొరికినవాటిలో అన్నిటికన్నా పాత ఎర్త్ ప్రో బొమ్మ, మొన్నటి చలికాలపు బొమ్మ, 2020 అక్టోబరు వానల తర్వాతి సెంటినెల్ బొమ్మ. మూడింటి మీదా ఒకే పాలిగాన్, కింద తేదీ. పక్క పొలంలో పని చేసుకుంటున్న పెద్దాయనకు మూడోది చూపించి, నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయా అని అడగండి.