మూసిన గాజు జాడీ కిట్: ఆరు నెలలు తరగతిలో వాడాక

నేను పదో తరగతికి జీవశాస్త్రం చెబుతాను. కార్బన్ వలయం, నత్రజని వలయం అని బోర్డు మీద బాణాలు గీస్తే పిల్లలు బట్టీపట్టి పరీక్షలో అవే గీసేస్తారు. ఆ బాణం వెంట నిజంగా ఏదో పదార్థం కదులుతోందన్న సంగతి మాత్రం మనసుకెక్కదు. అందుకే ఈ కిట్ కొన్నాను. ఐదు లీటర్ల జాడీ, గులకరాళ్లు, బొగ్గు ముక్కలు, మట్టి, నాచు, రెండు ఫెర్న్ మొక్కలు, చిన్న డబ్బాలో స్ప్రింగ్‌టెయిల్ పురుగులు, గోడకు తగిలించే చార్టు ఒకటి.

ముందు లోపం చెప్పేస్తాను. మూత కింది రబ్బరు రింగు వదులు. మూసిన జాడీ బరువు మారకూడదు కదా అని రోజూ ఎలక్ట్రానిక్ త్రాసు మీద పెట్టి రాసుకునేదాన్ని. రెండు వారాల్లో 14 గ్రాములు తగ్గింది. అమ్మినవాళ్లకు రాస్తే జవాబు లేదు. అదే కొలతలో వేరే రింగు తెచ్చి నేనే వేశాను. మూత ఎలాగూ తీశాం కాబట్టి అప్పుడే ఒక ఎండుటాకును గాజుకు ఆనేలా మట్టి మీద పెట్టాం.

ఆ తర్వాత అంకె మారలేదు. ఆకు మాత్రం మారుతూ వచ్చింది. మూడో వారానికి దాని మీద తెల్లటి బూజు పోగులు లేచాయి. ఆవగింజలో సగం కూడా లేని స్ప్రింగ్‌టెయిల్స్ ఆ బూజును మేయడం భూతద్దంలో కనిపించింది. నాలుగో నెలకు వలలాగా ఈనెలే మిగిలాయి. "ఆకు ఎటు పోయింది టీచర్?" అని ఒక అమ్మాయి అడిగితే బరువు చూడమన్నాను. త్రాసు వంకా, నోటుబుక్కులోని పాత అంకె వంకా చూసి, "అయితే ఫెర్న్‌లోకి పోయుండాలి" అంది. కొంత నిజంగా అక్కడికే పోయింది. బూజు, బాక్టీరియా ఆకును కుళ్లబెడుతూ వదిలిన కార్బన్ డయాక్సైడ్‌తోనే ఫెర్న్ కొత్త ఆకు వేసుకుంది. ఈ ఒక్క పీరియడ్ కోసమైనా కిట్ కొనొచ్చు.

నీటి వలయం సంగతి వేరే చెప్పక్కర్లేదు, పొద్దున్నే గాజు మీద బొట్లు చూస్తే చాలు. నత్రజని వలయం కూడా చూపిస్తుందని కిట్ డబ్బా మీద రాశారు, అది సరికాదు. లోపలి గాలిలో సుమారు 78 శాతం నత్రజనే అయినా ఫెర్న్ దాన్ని నేరుగా వాడుకోలేదు. కుళ్లిన ఆకు నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రోసోమోనాస్ అనే బాక్టీరియా నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ను నైట్రోబాక్టర్ అనే మరో బాక్టీరియా నైట్రేట్‌గా మార్చడం కంటికి ఆనే పని కాదు. నేను విడిగా ఒక చిక్కుడు మొక్క పీకి, వేళ్ల బుడిపె కోసి లోపలి గులాబీ రంగు చూపించాను. గాలిలోని నత్రజనిని మొక్క వాడుకునేలా మార్చే రైజోబియం బాక్టీరియా ఉండేది అందులోనే.

నాకు నిజంగా కోపం తెప్పించింది చార్టు. సూర్యుడి నుంచి మొక్కకు, జంతువుకు, విచ్ఛిన్నకారులకు (కుళ్లబెట్టే బూజు, బాక్టీరియాలకు), మళ్లీ మొక్కకు అంటూ శక్తిని కూడా గుండ్రంగా తిప్పేశారు. పదార్థం తిరుగుతుంది, శక్తి తిరగదు. ఆహారపు గొలుసులో ఒక పోషక స్థాయి, అంటే ఒక మెట్టు, నుంచి పైస్థాయికి చేరేది దాదాపు పదోవంతే, మిగతాది చాలావరకు వేడిగా పోతుందని 1942లోనే అమెరికా జీవావరణ శాస్త్రవేత్త లిండెమన్ పరిశోధన దారి చూపింది. మూత ఎంత బిగించినా జాడీకి వెలుతురు రోజూ బయటి నుంచి రావాల్సిందే, అల్మారాలో పెట్టేస్తే ఫెర్న్ బతకదు. అలాగని నేరుగా ఎండలో మాత్రం పెట్టకండి, లోపల ఉడికిపోతుంది.

చార్టులో ఆ తప్పు బాణం మీద తెల్లకాగితం అతికించి, వేడి బయటికి పోయే బాణాలు పిల్లల చేతే గీయించాను. ఇప్పుడది జాడీ వెనక గోడకే ఉంది.