ఆల్ప్స్‌లో సముద్రపు బురద రాళ్లు: కెరాస్ మంచిదా, గ్రాస్‌గ్లాక్నరా?

ఆల్ప్స్ లేవకముందు, జురాసిక్ కాలంలో అక్కడొక సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న సున్నపు బురద, బంకమట్టి తర్వాత భూమి లోతుల్లోకి దిగి, ఒత్తిడికీ వేడికీ రూపం మారి పొరలు పొరలుగా విడిపోయే, మెరిసే షిస్టు రాళ్లయ్యాయి. వాటిని చూడటానికి ఆస్ట్రియాలో గ్రాస్‌గ్లాక్నర్ ప్రాంతం, ఫ్రాన్స్‌లో కెరాస్ రెండూ మంచి చోట్లే.

వెళ్లడానికి తేలిక గ్రాస్‌గ్లాక్నర్. 1935లో తెరిచిన 48 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు పక్కనే ఈ షిస్టు కనిపిస్తుంది. 3,798 మీటర్ల శిఖరం వైపే చూస్తూ ఉండిపోకండి. ఆ శిఖరంలో ఎక్కువగా ఉన్నది బురద నుంచి పుట్టిన షిస్టు కాదు, సముద్రపు అడుగు బసాల్ట్ (లావా గట్టిపడిన రాయి) నుంచి మారిన ఆకుపచ్చ రాయి.

నా ఓటు మాత్రం కెరాస్‌కే. గ్రాస్‌గ్లాక్నర్ దగ్గర తర్వాత వచ్చిన వేడి పాత ఖనిజాల్ని చాలావరకు చెరిపేసింది. కెరాస్ రాళ్లు పెద్దగా వేడెక్కకుండానే పైకొచ్చాయి. అందుకే అధిక ఒత్తిడిలో, తక్కువ వేడిలో పుట్టే లాసనైట్, కార్ఫొలైట్ అనే ఖనిజాల ఆనవాళ్లు ఇంకా దొరుకుతాయి. పడమర నుంచి తూర్పుకి, ఇటలీ సరిహద్దులో 2,744 మీటర్ల ఎత్తున్న ఆన్యెల్ కనుమ వైపు వెళ్లేకొద్దీ, మరింత లోతుకు వెళ్లొచ్చిన రాళ్లు ఎదురవుతాయి. ఎంత అద్భుతం! ఆ మార్పును నడుస్తూనే గమనించవచ్చు. రెండు చోట్లా చలికాలంలో కొండదారులు మూసేస్తారు, వేసవిలోనే వెళ్లండి.