కీ మనీ లేదు, లిఫ్టూ లేదు: తామా న్యూ టౌన్ యూఆర్ ఇళ్లపై సమీక్ష

టోక్యోలో ఇల్లు వెతికేవాళ్లను అద్దె కంటే ముందు భయపెట్టేది, తాళం చేతికి రాకముందే పోయాల్సిన డబ్బు. నెలకు 60,000 యెన్ల మామూలు ప్రైవేటు అపార్ట్‌మెంట్‌నే తీసుకోండి. షికికిన్ అనే అడ్వాన్స్ ఒక నెల. రేకిన్ (కీ మనీ) పేరుతో ఓనరుకు ఇచ్చే, మళ్లీ తిరిగిరాని సొమ్ము ఇంకో నెల. బ్రోకరు కమిషన్ పన్నుతో కలిపి 66,000 దాకా. అద్దెకు పూచీపడే హామీ కంపెనీకి సగం నెల నుంచి ఒక నెల అద్దె. తాళం మార్చడానికి, అగ్నిప్రమాద బీమాకు చెరో 15, 20 వేలు. మొదటి నెల అద్దె ముందే. కూడితే మూడు లక్షల పైమాటే. పైగా టోక్యో, దాని చుట్టుపక్కల ఉన్న కాంతో ప్రాంతంలో రెండేళ్లకోసారి ఒప్పందం కొనసాగించినందుకు మరో నెల అద్దె అడగడం మామూలే.

అదే 60,000 యెన్లకు ప్రభుత్వ గృహ సంస్థ యూఆర్ అద్దెకిచ్చే ఇంటికైతే రెండు నెలల అడ్వాన్స్, చేరిన రోజు నుంచి నెలాఖరు దాకా రోజులు లెక్కగట్టిన అద్దె, నిర్వహణ రుసుము, అంతే. రేకిన్ లేదు, కమిషన్ లేదు, హామీదారు అక్కర్లేదు, రెండేళ్ల రుసుమూ లేదు. ఈ నాలుగు 'లేదు'ల వెనక ఇంకొన్ని 'లేదు'లు ఉన్నాయి. అవి ఎండాకాలం, వానాకాలం, చలికాలం ఒక చుట్టు తిరిగాక గానీ బయటపడవు. ఈ సమీక్ష ఎక్కువగా వాటి గురించే.

యూఆర్ ప్రభుత్వ రంగ సంస్థ. 1955లో జపాన్ హౌసింగ్ కార్పొరేషన్‌గా మొదలై, 2004లో ఇప్పటి రూపానికి వచ్చింది. తామా న్యూ టౌన్ టోక్యోలోని షింజుకుకు పడమట, కొండలు చదును చేసి కట్టిన ఊరు. సువా, నగయామా ప్రాంతాల్లో 1971లో మొదటి కుటుంబాలు చేరాయి. ఆ కాలపు ఐదంతస్తుల కాంక్రీటు ఇళ్ల వరసలనే దాంచి అంటారు. అయితే దాంచి అని కనిపించిందల్లా యూఆర్‌ది కాదు. పక్కపక్కనే టోక్యో మహానగర ప్రభుత్వానివి ఉంటాయి, అవి తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు లాటరీలో దక్కేవి. సొంతదారులు కొనుక్కున్నవీ ఉంటాయి. గోడ మీద నంబరు చూసి ఆశపడకుండా, ఏది ఎవరిదో యూఆర్ జాబితాలో చూసుకోండి. నగయామా వైపు పాత 2డీకే, 3డీకే ఇళ్లు (రెండు లేదా మూడు గదులు, భోజనానికి చోటున్న వంటగది) అంతస్తును, మరమ్మతులను బట్టి సుమారు 50 నుంచి 70 వేల యెన్లలో దొరుకుతాయి.

ఇల్లు ఎవరు ముందు అడిగితే వాళ్లకే. సేల్స్ కేంద్రంలో ఖాళీలు చూసుకుని, దాంచిలో ఉన్న నిర్వహణ కార్యాలయంలో తాళం తీసుకుని ఇల్లు చూసి రావచ్చు. పక్కన నిలబడి తొందరపెట్టే ఏజెంటు ఉండడు, ఇదొక పెద్ద సుఖం. నచ్చితే కొన్నాళ్లపాటు పేరు మీద పట్టి ఉంచి, ఆ గడువులో కాగితాలు ఇవ్వాలి. ఆదాయం లెక్క ఇలా ఉంటుంది: ఒంటరివాళ్లకు అద్దె 62,500 కంటే తక్కువైతే నెల ఆదాయం అద్దెకు నాలుగింతలు ఉండాలి. 55,000 ఇంటికి 2,20,000 అన్నమాట. కుటుంబానికి ఈ నాలుగింతల లెక్క 82,500 లోపు అద్దెలకు వర్తిస్తుంది. ఆదాయం చాలకపోతే అద్దెకు వందింతలు బ్యాంకులో చూపించవచ్చు, లేదా కనీసం ఏడాది అద్దె ఒకేసారి కట్టవచ్చు. 35 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసువాళ్లకు కొన్ని ఇళ్లు మూడేళ్ల గడువుతో తగ్గింపు అద్దెకు వస్తాయి. కాకపోతే ఆ ఒప్పందం పొడిగించరు, మూడేళ్లకు మూట కట్టాల్సిందే.

కాగితాల్లో ముఖ్యమైనది జూమిన్‌హ్యో, అంటే నగర కార్యాలయం ఇచ్చే నివాస పత్రం. కొత్తగా దిగినవాళ్లకు చిక్కంతా ఇక్కడే. చిరునామా లేనిదే ఆ పత్రం రాదు, పత్రం లేనిదే ఇల్లు కదలదు. అందుకే మొదటి రెండు మూడు నెలలు షేర్ హౌస్‌లో గడపడమే దారి. శివార్లలో కరెంటు, నీళ్లతో కలిపి 40 నుంచి 60 వేలకు ఒక గది వస్తుంది. వంటగది, స్నానాలగది ఉమ్మడివి. అక్కడి చిరునామాను 14 రోజుల్లోపు నమోదు చేసుకుని, జీతం కాగితాలు చేతికి రాగానే యూఆర్ వైపు నడవండి. జనవరి నుంచి మార్చి దాకా ఊరంతా ఇళ్లు మారే కాలం, సామాను మోసేవాళ్లు కూడా దొరకరు. మే తర్వాత అయితే నింపాదిగా చూసుకోవచ్చు.

ఇల్లు చూడ్డానికి వెళ్లేటప్పుడు కొలత టేపు పట్టుకెళ్లండి. ఈ దాంచిల్లో ఒక్కో మెట్ల దారికి అంతస్తుకు రెండు వాటాల చొప్పున పది ఇళ్లు ఉంటాయి, లిఫ్ట్ ఉండదు. ఐదో అంతస్తు అద్దె తక్కువే, గాలీ బాగుంటుంది. కానీ పై కప్పు ఆగస్టు ఎండకు పగలంతా కాగి రాత్రి ఆ వేడిని ఇంట్లోకి దింపుతుంది. పది కిలోల బియ్యం బస్తా మోసే ప్రతిసారీ అద్దెలో మిగిలిన డబ్బు గుర్తు చేసుకోవాలి. ఒకటో అంతస్తులో (ఇక్కడ నేల అంతస్తునే ఒకటి అంటారు) చెమ్మ, పురుగులు. మా లెక్కన మూడోదే మేలు. మెట్ల మలుపు ఎంత వెడల్పుందో కొలుచుకోండి. పెద్ద ఫ్రిజ్ అక్కడే ఇరుక్కుంటుంది, లేదా డెలివరీవాళ్లు అదనపు రుసుము అడుగుతారు. వాషింగ్ మెషీన్ పెట్టే చోటు, కుళాయి, నీళ్లు పోయే దారి చూడండి. మరమ్మతు కాని ఇళ్లలో ఆ ఏర్పాటు లేక పైపును స్నానాలగదిలోకి వదలాల్సి వస్తుంది. స్నానాల తొట్టి పక్కనే పెట్టెలాంటి గ్యాస్ యంత్రం కనిపిస్తే అది పాతకాలపు బాలన్స్ గమా. షవర్ ధార సన్నగా ఉంటుంది, తొట్టి ఇరుకు. అద్దె ఐదారు వేలు ఎక్కువైనా సరే, దాన్ని తీసేసిన ఇల్లే తీసుకోమంటాం. తతామి, అంటే గడ్డి చాపలు పరిచిన గదుల కొలతా వేరు, గది సైజును చాపల లెక్కన చెబుతారు. దాంచి చాప సుమారు 170 సెంటీమీటర్ల పొడవు, 85 వెడల్పు, టోక్యో మామూలు చాప కంటే చిన్నది. ఆరు చాపల గది అని మంచం కొంటే తలుపు తెరుచుకోకపోవచ్చు.

ఇక ఖాళీ ఇల్లంటే నిజంగా ఖాళీ ఇల్లే. గ్యాస్ స్టవ్ లేదు, ఏసీ లేదు, గదుల్లో లైట్లు లేవు, కర్టెన్లు లేవు. పైకప్పుకు తిప్పి బిగించే సాకెట్ మాత్రం ఉంటుంది, దానికి సరిపడే ఎల్ఈడీ లైటు గదికొకటి కొనాలి. స్టవ్ మీద గ్యాస్ రకం రాసి ఉంటుంది. పైపు గ్యాస్‌కు 13ఏ, సిలిండరుకు ఎల్‌పీ. ఒకదానిది ఇంకోదానికి తగిలించకూడదు. సెకండ్‌హ్యాండ్ చవకని ఎల్‌పీ స్టవ్ తెచ్చుకుని తల పట్టుకునేవాళ్లు బోలెడు. రబ్బరు గొట్టం 9.5 మిల్లీమీటర్లది, రెండు కొసలకూ బిగింపు క్లిప్పులు ఉండాలి. గ్యాస్ తెరిచేటప్పుడు మనిషి వచ్చి పరీక్ష చేస్తాడు, మీరు ఇంట్లో ఉండాలి. ఆ అపాయింట్‌మెంట్ ముందే తీసుకోకపోతే మొదటి రాత్రి చన్నీళ్ల స్నానమే.

ఏసీ దగ్గర అసలు ఖర్చు. ఈ ఐదంతస్తుల ఇళ్లలో బరువు మోసేవి గోడలే, స్తంభాలు కావు. భూకంపాలకు ఈ కట్టడం గట్టిదే, 1995 కోబే భూకంపంలో ఈ రకం ఇళ్లు బాగా నిలిచాయి. కానీ ఆ కారణంగానే గోడకు కొత్త రంధ్రం వేయనివ్వరు. ఏసీ పైపుకు రంధ్రం ఉన్న గది ఏదో, దానికి విడి కరెంటు లైను ఉందో లేదో ముందే చూసుకోండి. రెండూ లేని గదికి కిటికీలో పట్టే ఏసీయే గతి. అది చప్పుడు చేస్తుంది, చల్లదనమూ తక్కువ. ఆరు చాపల గదికి 2.2 కిలోవాట్లది చాలు, బిగింపుతో కలిపి 60 నుంచి 80 వేలు అనుకోండి. స్టవ్, లైట్లు, కర్టెన్లు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ అన్నీ కలిస్తే లక్షన్నర, రెండు లక్షల యెన్లు. రేకిన్, కమిషన్లలో మిగిలిందని మురిసిన సొమ్మంతా ఇక్కడే పోతుంది. అందుకే ఏడాదిలోపు ఊరు మారేవాళ్లకు యూఆర్ లాభం కాదు, షేర్ హౌసే చవక. రెండేళ్లు దాటితే లెక్క యూఆర్ వైపు మొగ్గుతుంది, నాలుగేళ్లకు తేడా చాలా పెద్దది.

కరెంటు కూడా మన వంటింటి అలవాట్లకు బిగుతే. పాత ఇళ్లలో 30 ఆంపియర్లు దాటనివ్వనివి ఉన్నాయి. ఇక్కడ 100 వోల్టులు కాబట్టి మైక్రోవేవ్ 13, రైస్ కుక్కర్ 12, ఏసీ మొదలయ్యేటప్పుడు ఇంకో ఏడెనిమిది. మూడూ కలిస్తే బ్రేకర్ పడుతుంది. ఊరి నుంచి తెచ్చే 750 వాట్ల మిక్సీ 230 వోల్టులది. నేరుగా పెడితే బద్ధకంగా తిరుగుతుంది, మోటారు కాలిపోవచ్చు కూడా. 100ని 220గా పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, దాని మీద 1,500 వాట్లని రాసి ఉన్నదైతేనే ఇడ్లీ పిండికి తట్టుకుంటుంది. గోడ సాకెట్ పరిమితి 15 ఆంపియర్లు గనక ఆ సాకెట్‌కు ఇంకేమీ తగిలించవద్దు. పలుచని కాంక్రీటు అంతస్తు, కింది ఇంట్లో ఒంటరి ముసలివాళ్లు, రాత్రి పదింటికి పచ్చడి రుబ్బడం, ఈ మూడూ ఒకచోట కుదరవు. మిక్సీ కింద మందపాటి రబ్బరు చాప వేసి, తొమ్మిదిలోపు పని ముగించండి.

ఎండుమిర్చి పోపు ఘాటు మెట్ల దారంతా పాకుతుంది. ముందు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, ఎదురు కిటికీ కొద్దిగా తెరిచాకే నూనె పెట్టండి. గాలి లోపలికి రాకపోతే ఫ్యాన్ ఊరికే తిరుగుతుంది తప్ప లాగదు. స్టవ్ వెనక అల్యూమినియం రేకు నిలబెట్టడం, ఫ్యాన్‌కు వలపొర అంటించి నెలకోసారి మార్చడం ఖర్చు లేని పనులే. పసుపు మరక వినైల్ నేల మీద పడితే వెంటనే తుడవాలి, తెల్లారితే వదలదు.

అన్నిటికంటే ఎక్కువ శ్రమ పెట్టేది చెమ్మ. డెబ్భైల కాలపు గోడల్లో చలిని ఆపే పొర ఉండదు, కిటికీకి ఒంటి అద్దం, అల్యూమినియం చట్రం. లోపల అన్నం ఉడికిన ఆవిరి, ఆరేసిన బట్టల తడి వెళ్లి ఆ చల్లటి గోడకు తగిలి నీరవుతుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా పొద్దున్నే అద్దాల మీంచి నీళ్లు కారి కింద చట్రంలో నిలుస్తాయి. ఉత్తరపు గది మూలల్లో, బీరువా వెనక నల్లగా బూజు మొదలవుతుంది. లేవగానే అద్దాలు తుడిచి, ఉత్తరం, దక్షిణం కిటికీలు రెండూ పది నిమిషాలు తెరవండి. ఈ ఇళ్లకు రెండు వైపులా కిటికీలు ఉండటం పెద్ద వరం, గాలి తిన్నగా దూసుకుపోతుంది. బీరువాను గోడకు 5 సెంటీమీటర్లు ఎడంగా జరపండి. ఒషిఇరే అనే గోడ అరలో నేల మీద, వెనక గోడకు చెక్క పట్టీల పలక పెట్టి, తలుపు జానెడు తెరిచి ఉంచండి. పరుపును తతామి మీద పరిచి వదిలేస్తే వారంలో కింద చాప బూజెక్కుతుంది. రోజూ ఎత్తాల్సిందే. తతామి బూజుకు క్లోరిన్ వద్దు, రంగు పోతుంది, 70, 80 శాతం ఆల్కహాలుతో తుడవండి. స్నానాలగదిలో క్లోరిన్ సరే గానీ, ఆమ్లం ఉన్న క్లీనరుతో మాత్రం కలపకండి, వెలువడే వాయువు ప్రాణాంతకం. డీహ్యూమిడిఫయర్ కొనేటట్లయితే వానాకాలానికి కంప్రెసర్ రకం బాగా పనిచేస్తుంది, చలిలో అది డీలా పడుతుంది.

చెత్త సంగతి చిరునామాను బట్టి ఉంటుంది. తామా న్యూ టౌన్ హచియోజి, తామా, ఇనాగి, మచిదా నగరాల్లో పరుచుకుని ఉంది, రోడ్డు దాటితే నిబంధన మారవచ్చు. తామా నగరంలో మండే చెత్తకు నగరం అమ్మే సంచులే వాడాలి. టోక్యో నడిమి 23 వార్డుల నుంచి వచ్చినవాళ్లకు ఇది కొత్తగా, కాస్త కష్టంగా అనిపిస్తుంది. మామూలు సంచిలో వేస్తే హెచ్చరిక చీటీ అంటించి అక్కడే వదిలేస్తారు, ఎవరిదో మెట్ల దారంతటికీ తెలుస్తుంది.

నగయామాలో కేయో, ఒదాక్యూ రెండు రైలు లైన్లూ ఉన్నాయి. షింజుకుకు ఎక్స్‌ప్రెస్‌లో సుమారు 35, 40 నిమిషాలు. పిల్లలున్నవాళ్లకు ఒదాక్యూ మేలు. 2022 మార్చి నుంచి ఐసీ కార్డుతో (గేటుకు తాకించి ఛార్జీ కట్టే కార్డు) వెళ్లే పిల్లలకు ఎంత దూరమైనా 50 యెన్లే. స్టేషన్‌కు పొద్దున దిగుడు, సాయంత్రం ఎక్కుడు. మామూలు సైకిలు అటక మీదకే, బ్యాటరీ సైకిలయితే పనికొస్తుంది. నడక దారులు కారు రోడ్లకు పైనుంచి వంతెనల మీదుగా పోతాయి గనక పిల్లలను భయం లేకుండా వదలవచ్చు. ఇంటర్నెట్ పాత భవనాల్లో టెలిఫోను తీగ మీద వచ్చే వీడీఎస్ఎల్ అయితే 100 ఎంబీపీఎస్ మించదు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు ముందే అడగండి. సోనా మసూరి, కందిపప్పు, కరివేపాకు ఆన్‌లైన్‌లో భారతీయ దుకాణాల నుంచి వస్తాయి. తెలుగు పలకరింపు, భారతీయ స్కూలు రోజూ కావాలనుకునే కుటుంబాలకు మాత్రం టోక్యో తూర్పున, భారతీయులు ఎక్కువగా ఉండే నిషి కసాయ్ వైపే మేలు. అక్కడా యూఆర్ ఇళ్లున్నాయి, అద్దె చాలా ఎక్కువ.

చేరినప్పుడు ఇచ్చే తనిఖీ పత్రంలో ప్రతి గీత, మరక రాసి, తేదీ పడే ఫొటోలతో గడువులోపు ఇవ్వండి. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో ఎంత కోత పడుతుందో తేల్చేది ఆ పత్రమే. ఎండకు వెలిసిన గోడ కాగితం, బరువుకు పడిన నేల గుంటలు మామూలు అరుగుదలే, మీ మీదకు రావు. వంటింటి జిడ్డు, పట్టించుకోక పెరిగిన బూజు మాత్రం వస్తాయి. ఖాళీ చేస్తున్నట్టు 14 రోజుల ముందు చెబితే చాలు. ఏసీ మాత్రం మీరే విప్పించాలి. ఏసీ, టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ నగరం తీసుకెళ్లే పెద్ద చెత్త కిందకు రావు, చట్టం ప్రకారం రీసైకిల్ రుసుము, రవాణా ఖర్చు కట్టాలి. నెల ముందే పాత సామాను ఇచ్చిపుచ్చుకునే జిమోటీ వెబ్‌సైట్‌లో పెడితే, మెట్లు దిగి మోసుకెళ్లడానికి సిద్ధపడేవాళ్లు ఎవరో ఒకరు దొరుకుతారు.