మూల నక్షత్రం కోసం తాడ్వాయి దాకా

హనుమకొండలో మా డాబా ఎక్కి లెక్కపెడితే ముప్పై, నలభై చుక్కలకు మించి కనిపించవు. మా బాబుకు పాలపుంత అంటే సైన్సు పుస్తకంలో బొమ్మ. మా నాయన మాత్రం పరకాల దగ్గర మా ఊళ్లో, ఎండాకాలం వాకిట్లో మంచం వేసుకుని పడుకున్నన్ని రోజులు దాన్ని చూస్తూనే నిద్రపోయేవాడట. "ఇప్పుడు ఎటు పోయిందో బిడ్డా" అన్నాడు ఒక రాత్రి. ఎటూ పోలేదు, మన లైట్ల వెలుగులో కలిసిపోయింది అంతే. చైత్ర అమావాస్యకు రెండు రాత్రులు పెట్టుకుని ముగ్గురం కారులో ములుగు దారి పట్టాం.

ఆ రోజులే ఎందుకంటే, మన నెలల పేర్లలోనే దానికి జవాబు ఉంది. జ్యేష్ఠ మాసంలో పున్నమి చంద్రుడు జ్యేష్ఠా నక్షత్రం దగ్గర ఉంటాడు. పున్నమి చంద్రుడంటే సూర్యుడికి ఎదురుగా ఉన్నవాడు. అంటే ఆ నెలలో పొద్దు కుంకేసరికి ఆ వైపు ఆకాశం తూర్పున లేచి, రాత్రంతా ఉంటుంది. జ్యేష్ఠ, దాని తర్వాతి మూల, రెండూ వృశ్చికంలోవే. మూలకు పిడికెడు దూరంలో, ధనుస్సు వైపున, మన పాలపుంత నడిబొడ్డు ఉంది. కానీ జ్యేష్ఠానికి మబ్బులు పడతాయి. అందుకే చైత్ర, వైశాఖ అమావాస్యలు మేలు. ఏప్రిల్ చివర్లో అయితే నడిబొడ్డు రాత్రి పదిన్నర ప్రాంతంలో ఆగ్నేయంలో లేచి, మూడున్నరకు దక్షిణాన బాగా పైకి వస్తుంది. మనం 18 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం కాబట్టి అది 43 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. చేయి చాచి పిడికిలి బిగిస్తే ఒక్కో పిడికిలి పది డిగ్రీలు, అంటే నాలుగు పిడికిళ్ల పైన. లండన్‌లో ఉన్నవాళ్లకు ఒక్క పిడికిలి ఎత్తు కూడా రాదు. ఈ విషయంలో మనం నిజంగా అదృష్టవంతులం.

మొదటి రాత్రి వృథా అయింది. హైవే పక్కన ఒక రిసార్ట్‌లో దిగాం, పేరు రాయను. గది శుభ్రంగా ఉంది, ఏసీ బాగా పనిచేసింది, నాటుకోడి కూర కూడా బాగుంది. కానీ లాన్ చుట్టూ పెద్ద ఫోకస్ లైట్లు, తెల్లవార్లూ. ఒక గంట ఆపమని అడిగితే సెక్యూరిటీ కోసం కుదరదన్నారు. అప్పుడే అనుకున్నాను, ఇకమీదట బుక్ చేసే ముందు అడగాల్సినవి రెండే రెండు: బయటి లైట్లు ఆపుతారా, దక్షిణం వైపు ఏం అడ్డం ఉంది. ఈ రెండూ తేలాకే గది సంగతి.

పగలు రామప్ప చూశాం. దాని గురించి ఇక్కడ ఎక్కువ రాయను, ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు, ఎనిమిది వందల ఏళ్లు దాటింది. రాత్రికి ఆ లెక్క పనికొచ్చింది. లక్నవరం పగటిపూట ఎంత అందంగా ఉన్నా చుట్టూ గుట్టలు కాబట్టి ఆకాశం కింది అంచు కనపడదు. చుక్కల కోసమే అయితే నేను దాన్ని ఎంచుకోను. అంతకుముందు ఒకసారి పాకాల వెళ్లాం. హనుమకొండ నుంచి దగ్గర, పడమట నర్సంపేట వెలుగు కనిపిస్తుంది కానీ తూర్పు, దక్షిణం నల్లగానే ఉంటాయి. ఒక్క రాత్రే దొరికితే పాకాల వైపే వెళ్లండి.

రెండో రాత్రి పస్రా దాటి తాడ్వాయి వైపు, అడవి అంచున ఒక చిన్న బస. రెండు మంచాలు, ఒక ఫ్యాను, బాత్రూంలో బకెట్. ఫోన్‌కు సిగ్నల్ లేదు. కానీ భోజనం కాగానే అక్కడి వాచ్‌మన్ అన్న అడక్కుండానే వరండా లైటు ఆపేసి, "అడవి దిక్కు మాత్రం పోకుండ్రి, ఈ వాకిట్లనే ఉండుండ్రి" అని నులక మంచం తెచ్చి వేశాడు. ఆ ఒక్క పనికే నేను ఆ బసకు మొదటి మార్కు వేస్తాను.

ఇరవై, ముప్పై నిమిషాలు ఫోన్ ముట్టుకోకూడదని ముందే ఒప్పందం. కళ్లు చీకటికి అలవాటు పడటానికి అంత సమయం పడుతుంది, ఒక్కసారి స్క్రీన్ వెలిగితే మళ్లీ మొదటికే. నాయన ఉత్తరాన సప్తర్షులను చూపించి, "ఇవి మంచం కోళ్లు" అని బాబుకు చెప్పాడు. పదకొండున్నరకు టేకు చెట్ల పైన ఆగ్నేయంలో పొగలాంటిది కనిపించింది. "తాతా, మబ్బు వస్తోంది" అన్నాడు బాబు దిగులుగా. అరగంట చూశాం. మబ్బయితే చుక్కలను దాటి పోవాలి. ఇది చుక్కలతోపాటే పైకి లేస్తోంది. "అదే నాయనా, అదే!" అని నాయన మంచం మీద లేచి కూర్చున్నాడు.

ఫొటోల్లో కనిపించే ఊదా, గులాబీ రంగులు కంటికి కనిపించవు, ముందే చెబుతున్నాను. కంటికి కనిపించేది పలచటి పాలు ఒలికినట్టు బూడిద తెలుపు. రెండు గంటలయ్యేసరికి ఆ పాల మధ్యలో పొడవునా నల్లటి చీలిక తేలింది. అక్కడ చుక్కలు లేక కాదు, మధ్యలో అడ్డుగా ఉన్న ధూళి మేఘాల వల్ల. పాలపుంత అంటే చుక్కలతో నిండిన ఒక పెద్ద పళ్లెం లాంటిది. మనం ఈ పళ్లెం లోపలే ఉండి, దాని అంచు మీదుగా చూస్తున్నాం కాబట్టి అది పట్టీలా కనిపిస్తుంది. పళ్లెం వెడల్పు దాదాపు లక్ష కాంతి సంవత్సరాలు; వెలుగు ఒక ఏడాదిలో వెళ్లే దూరమే ఒక కాంతి సంవత్సరం. నడిబొడ్డు మనకు సుమారు 26,000 కాంతి సంవత్సరాల దూరం. 40 లక్షల సూర్యుళ్లంత బరువున్న కృష్ణబిలం, అంటే వెలుగు కూడా తప్పించుకోలేని బ్లాక్ హోల్, అక్కడే ఉంది.

తేలు తోక కొస దగ్గర చిన్న మసక మచ్చ కనిపించింది. బైనాక్యులర్ పెడితే అది విడిపోయి పిడికెడు చుక్కలయింది, నల్ల గుడ్డ మీద ఉప్పు రాళ్లు చల్లినట్టు. ఈ చుక్కల గుంపును టాలెమీ గుచ్ఛం అంటారు, పాతకాలపు ఖగోళ శాస్త్రవేత్త టాలెమీ రెండో శతాబ్దంలోనే దాన్ని రాసిపెట్టాడు. దూరం దాదాపు వెయ్యి కాంతి సంవత్సరాలు. "అంటే ఈ వెలుగు బయల్దేరినప్పుడు పొద్దున చూసిన గుడి లేదా?" అని బాబు అడిగాడు. లేదు, కట్టాలని ఎవరూ అనుకోను కూడా లేదు అన్నాను. వాడు బైనాక్యులర్ చాలాసేపు దించలేదు.

వెళ్లేవాళ్లు దోమల మందు, దుప్పటి, ఫ్లాస్కులో టీ తీసుకెళ్లండి. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి. ఫోన్ కెమెరాకు చిన్న స్టాండు ఉంటే ప్రో మోడ్‌లో పదిహేను సెకన్లు తెరిచి ఉంచితే పట్టీ స్పష్టంగా పడుతుంది.

తిరిగొచ్చిన రాత్రి పదకొండున్నరకు బాబు డాబా మీదికి లాక్కెళ్లాడు. ఆగ్నేయంలో ఎర్రగా జ్యేష్ఠ ఒక్కటే ఉంది. దాని కింద, ఎడమగా, ఏమీ లేని చోట వేలు పెట్టి, "తాతా, ఇక్కడుంది" అన్నాడు. నాయన అటే చూస్తూ తల ఊపాడు.