పదహారు వందలు పెట్టే ముందు ఒక్కసారి ఆగు తమ్ముడూ: రెండు సీజన్లు వాడిన ఎథా 2 గురించి

పోయిన వారం మా టీమ్‌లో కొత్తగా చేరిన తమ్ముడు వాట్సాప్‌లో ఒక లింక్ పడేశాడు, పదహారు వందల డాలర్ల పెయింట్‌బాల్ మార్కర్ (రంగు నింపిన బాల్స్ కాల్చే గన్), కింద "అన్నా తీసేసుకోనా" అని. వాడు ఇప్పటిదాకా ఆడింది మూడే మూడు ప్రాక్టీసులు, అందులో ఒకటి వానకి సగంలోనే ఆగిపోయింది. వద్దురా అని ఒక్క ముక్కలో చెప్తే వినే రకం కాదు కాబట్టి నేను రెండు సీజన్లుగా వాడుతున్న ప్లానెట్ ఎక్లిప్స్ కంపెనీ మార్కర్ ఎథా 2 గురించి మొత్తం ఇక్కడే రాసేస్తున్నా, ఇక ఎవరడిగినా ఇదే పంపిస్తా.

హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఆఫీస్ టీమ్ ఔటింగ్‌లో అద్దె గన్‌తో నలభై బాల్స్ కాల్చి, మేనేజర్ వీపు మీద రెండు పగలగొట్టి, అదే పెయింట్‌బాల్ అనుకుని మురిసిపోయిన బాపతు నేను. డల్లాస్ వచ్చాక గాలి నింపిన బంకర్ల మధ్య ఐదుగురు ఐదుగురు ఆడే ఆట చూశాక తెలిసింది, అది వేరే లోకం. అన్నట్టు గన్ అంటే ఇక్కడ సీనియర్లు మొహం అదోలా పెడతారు, మార్కర్ అనాలి. 1981లో న్యూహాంప్‌షైర్ అడవిలో పన్నెండు మంది మొదటిసారి ఈ ఆట ఆడినప్పుడు వాళ్ళ చేతిలో ఉన్నది చెట్లకీ పశువులకీ రంగుతో గుర్తు పెట్టే నెల్‌స్పాట్ 007, ఆ పేరే ఉండిపోయింది.

నా మొదటి మార్కర్ సెకండ్ హ్యాండ్, బ్రాండ్ పేరెందుకులే. చూడ్డానికి పెళ్ళికొడుకులా ఉండేది, ఒక్క గీత లేదు. మొదటి టోర్నమెంట్ రోజు పొద్దున ఏడున్నరకి కారు డిక్కీ దగ్గర నిలబడి గాలి ట్యాంక్ బిగించానో లేదో బ్యారెల్ (ముందుండే గొట్టం) లోంచి సుయ్‌మని గాలి. విప్పి చూస్తే లోపల గాలి లీకవకుండా ఆపే రబ్బరు ఓ-రింగ్ ఒకటి చీలిపోయింది, చిటికెన వేలి గోరంత ముక్క అది, ఆ సైజుది ఫీల్డ్ మొత్తం తిరిగినా ఎవరి దగ్గరా దొరకలేదు, ఎందుకంటే ఆ మోడల్ తయారీ ఆపేసి ఏళ్ళయింది, అమ్మినతను ఆ సంగతి చెప్పలేదు, నేనూ అడగలేదు. చివరికి సిగ్గు వదిలేసి పక్క టెంట్‌లో ఉన్న ఎదుటి టీమ్ వాళ్ళనే స్పేర్ మార్కర్ అడుక్కున్నా. వాళ్ళిచ్చిన ఆ స్పేరే ఎథా 2. ఆ రోజు అన్నీ ఓడిపోయాం కానీ మార్కర్ మాత్రం ఒక్కసారి కూడా ఆగలేదు. నెల తిరక్కుండా రెండొందల ఎనభై డాలర్లకి ఒకటి వాడిందే వెతికి కొన్నా.

ఇప్పుడు తమ్ముడు వినాల్సిన మాట. టోర్నమెంట్‌లో బాల్ వేగానికి హద్దు ఉంటుంది, సెకనుకి 300 అడుగులు దాటకూడదు, క్రోనో అనే వేగం కొలిచే మీటర్ పెట్టి చెక్ చేస్తారు. ఎన్ని బాల్స్ వెళ్ళాలన్న దానికీ హద్దుంది, ఎన్ఎక్స్ఎల్ (ఇక్కడి పెద్ద పెయింట్‌బాల్ లీగ్) రూల్ ప్రకారం సెకనుకి 10.2. మొదటి మూడు షాట్లు నువ్వే నొక్కాలి, ఆ తర్వాత వేళ్ళు ఆడిస్తూ ఉంటే చాలు, మిగతాది లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు చూసుకుంటుంది, దాన్నే ర్యాంపింగ్ అంటారు. అంటే ఏంటి? నా రెండొందల ఎనభైదీ నీ పదహారు వందలదీ ఒకే వేగంతో అన్నే బాల్స్ కొడతాయి. ఖరీదైన దానితో బాల్ ఎక్కువ దూరం పోతుంది అని ఎవడన్నా చెప్తే వాడితో వాదన పెట్టుకోకు, నవ్వి ఊరుకో.

మరి తేడా ఎక్కడ? పెయింట్ (రంగు బాల్స్‌ని అలాగే అంటాం) పగలకుండా కొట్టడంలో. టోర్నమెంట్ పెయింట్ అద్దె పెయింట్ లాంటిది కాదు, పైన జెలటిన్ పెంకు పల్చగా అప్పడంలా ఉంటుంది, ఎదుటివాడికి తగిలితే పగలాలని అలా చేస్తారు, దాన్ని మన మార్కర్ లోపలే పగలగొట్టుకుంటే ఆ పాయింట్ (మ్యాచ్‌లో ఒక రౌండ్) పోయినట్టే. దీనికి రెండు కావాలి. ఒకటి బాల్ పూర్తిగా లోపలికి దిగిందో లేదో చూసే సెన్సర్, ఐస్ (కళ్ళు) అంటారు, ఎథాకి ఉన్నాయి. ఐస్ లేని ఎలక్ట్రానిక్ మార్కర్‌ని టోర్నమెంట్‌కని ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. రెండోది బాల్‌ని ముందుకు నెట్టే బోల్ట్ మెత్తగా తోయడం. ఎథా 2లో ఉన్నది గామా కోర్ అనే స్పూల్ వాల్వ్ బోల్ట్, అదే కంపెనీ చేసే ఎమెక్ అనే బ్యాటరీ లేని మెకానికల్ మార్కర్‌లోనూ ఇదే ఉంటుంది. గాలి వదిలే వాల్వ్‌లు రెండు రకాలు, స్పూల్, పాపెట్. స్పూల్ అంటే తన్ను తక్కువ, చప్పుడు తక్కువ, గాలి మాత్రం కొంచెం ఎక్కువ తాగుతుంది. పాపెట్ వాల్వ్ దానికి రివర్స్, గాలి పొదుపు, కానీ చేతిలో టక్కుమని కొడుతుంది, కొందరికి ఆ దెబ్బే ఇష్టం. నాకు 68 క్యూబిక్ ఇంచ్ ట్యాంక్‌తో ఒక పాయింట్ హాయిగా గడిచిపోతుంది, వెనక నిలబడి ఆపకుండా కొట్టేవాళ్ళు మాత్రం 77 తీసుకోవడం నయం.

గురి సంగతి కూడా చెప్తా, ఎందుకంటే అందరూ దీని మీదే డబ్బులు తగలేస్తారు. గురి మార్కర్‌లో లేదు, పెయింట్‌కీ బ్యారెల్‌కీ కుదిరిన జోడీలో ఉంది. తేమ ఉన్న పొద్దున పెయింట్ ఉబ్బుతుంది, నిన్న బిగుతుగా సరిపోయిన బ్యారెల్‌లో ఇవాళ ఇరుక్కుంటుంది. మేము చేసేది ఇంతే: బ్యారెల్ విప్పి ఒక బాల్ వేస్తాం, దొర్లుకుంటూ బయటికొస్తే లూజు, లోపల ఆగి నోటితో ఊదగానే జారిపోతే కరెక్ట్, బుగ్గలు నొప్పి పుట్టేలా ఊదినా కదలకపోతే టైటు. కొత్త పెయింట్ పెట్టె తెరవగానే మొదటి పని ఇదే, పులిహోర డబ్బా తెరవడం కూడా దీని తర్వాతే. ఎథాకి బ్యారెల్ బిగించే చోట ఆటోకాకర్ రకం థ్రెడ్ (మరలు) ఉంటుంది కాబట్టి బయట దొరికే చాలా బ్యారెల్స్ పడతాయి, నేను ఇన్సర్ట్‌లు (లోపల వేసే గొట్టాలు) మార్చుకునే ఫ్రీక్ సెట్ వాడుతున్నా, .684, .687, .689 అంగుళాల ఈ మూడు సైజులతోనే రెండు సీజన్లు గడిచిపోయాయి.

నచ్చనివి లేవా అంటే ఉన్నాయి. స్క్రీన్ లేదు, సెట్టింగ్ మార్చాలంటే లైటు రంగులు చూసుకుంటూ బటన్ నొక్కాలి, మాన్యువల్ ఫోన్‌లో పెట్టుకోకపోతే అయోమయమే. ఒకప్పటి లక్స్ మార్కర్లు అయితే మెనూ నోటితో చదివి వినిపించేవి, అంత వైభోగం ఇక్కడ ఆశించొద్దు. ట్రిగ్గర్ కూడా ప్లానెట్ ఎక్లిప్స్ వాళ్ళదే ఇంకో మార్కర్ సీఎస్2 పట్టుకున్న చేత్తో నొక్కితే కాస్త మొద్దుగా అనిపిస్తుంది. మా కెప్టెన్ బావది సీఎస్2, పట్టుకుంటే వెన్నలా ఉంటుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి, నాకూ కుళ్ళే. కానీ ఆ బావ పదేళ్ళుగా ఆడుతున్నాడు, ఆ వెన్న వాడికి పనికొస్తుంది.

మెయింటెనెన్స్ అంటే భయపడక్కర్లా. గాలి తీసేసి వెనక నుంచి తిప్పితే బోల్ట్ మొత్తం ఒక కడ్డీలా బయటికొస్తుంది, పాత గ్రీజు తుడిచి కొత్తది పల్చగా పట్టించి పెట్టేయడమే, టీ చల్లారే లోపు అయిపోతుంది. గ్రీజే, ఆయిల్ కాదు. మావాడొకడు ఇంట్లో ఉన్న కుట్టుమిషన్ నూనె పోశాడు, ఆ కథ మళ్ళీ ఎప్పుడైనా.

వాడింది కొనేటప్పుడు ఫొటోలు చూసి మోసపోకుండా (నాలాగా) గాలి ఎక్కించి ఒక పది నిమిషాలు పక్కన పెట్టి చెవి ఆనించి వినండి, ఐస్ ఆన్ చేసి ఒక హాపర్ (పైన బాల్స్ నింపే డబ్బా) ఖాళీ అయ్యేదాకా కొట్టి చూడండి, ఓ-రింగ్ కిట్ ఇప్పుడు కూడా అమ్ముతున్నారా లేదా కనుక్కోండి. ట్యాంక్ కూడా కలిపి ఇస్తుంటే దాని మీద హైడ్రో టెస్ట్ (ఒత్తిడి తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష) తేదీ చదవండి, కార్బన్ ఫైబర్ ట్యాంక్‌కి అయిదేళ్ళకోసారి టెస్ట్ చేయించాలి, తేదీ దాటితే ఫీల్డ్‌లో గాలి నింపరు, అలాంటి ట్యాంక్‌కి ఎక్స్‌ట్రా డబ్బులు ఎందుకు?

మిగిలిన వెయ్యి పైచిలుకు డాలర్లతో ముందు అద్దానికి ఆవిరి పట్టని మంచి మాస్క్, తర్వాత ఆగకుండా బాల్స్ అందించే హాపర్, ఇంకా మిగిలితే అంతా పెయింటే. రెండు వేల బాల్స్ పెట్టె ఒక్క శనివారం ప్రాక్టీస్‌లో ఎలా ఆవిరైపోతుందో చూస్తే గాని తెలీదు.

తమ్ముడి ఆర్డర్ ఇంకా కార్ట్‌లోనే ఉందట. ఈ శనివారం నా ఎథా వాడి చేతికిచ్చి బావ దగ్గర సీఎస్2 నేను అడుక్కుంటా. పెయింట్ పెట్టె మాత్రం వాడే తేవాలి.