మిషన్ మంచిదే, నా గొడవంతా పుల్లల ఫీడర్‌తోనే

2021లో టీటీడీ వాడిన పూలతో ఊదుబత్తులు చేయించి అమ్మడం మొదలుపెట్టాక తిరుపతిలో ఈ పని మీద చాలామందికి ఆశ పుట్టింది. తిరుచానూరు రోడ్డులోని మా షెడ్డుకొచ్చి "అక్కా, ఏ మిషన్ కొనమంటావు?" అని అడుగుతుంటారు. ఆ వెంటనే నిమిషానికి ఎన్ని బత్తీలు వస్తాయంటారు. ఆ లెక్క అమ్మేవాళ్లే చెబుతారు, మోటారు, మసాలా పోసే హాపర్ సంగతులు కూడా వాళ్ల కాగితంలోనే ఉంటాయి. వాళ్లు చెప్పనిది పుల్లల ఫీడర్ గురించి. ఇన్నేళ్లుగా నాకు నిద్ర లేకుండా చేసిన భాగం అదొక్కటే.

ట్రేలో వరసగా పేర్చిన వెదురు పుల్లల్ని అడుగున తిరిగే గాళ్ల చక్రం గాడికొకటి చొప్పున పట్టుకుని కిందికి దింపుతుంది. రెండు రబ్బరు రోలర్లు దాన్ని నాజిల్లోకి తోస్తాయి. అక్కడ మసాలా పట్టుకుని బత్తీ బయటికొస్తుంది. ఒక్క పుల్ల అడ్డం తిరిగితే చాలు, మిషన్ ఆపాల్సిందే. ఆపితే పోయేది ఆ కాసేపు మాత్రమే కాదు. బొగ్గుపొడి, జిగురునిచ్చే జిగట్ పొడి కలిపిన మసాలా నాజిల్లో ఆరి గట్టిపడుతుంది. నాజిల్లోని అచ్చు (డై) విప్పి, కడిగి, మళ్లీ బిగించాలి. మళ్లీ మొదలుపెట్టాక వచ్చే మొదటి బత్తీలు ఎటూ పనికిరావు. అందుకే నాకు వేగం కన్నా ఆగకుండా నడవడమే ముఖ్యం.

కొన్న కొత్తలో ఈ ఫీడర్‌ని నేను చాలామంది దగ్గర మెచ్చుకున్నాను. చేత్తో పుల్ల పెట్టే పాత మిషన్ మీద కూర్చున్నవాళ్లకి ఇది వరమే. వేసవిలో ఆ మాటకి ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను. ఎండలు ముదిరిన రోజుల్లో పొద్దున మొదలుపెడితే భోజనాల దాకా దాన్ని పట్టించుకోవాల్సిన పనే ఉండదు. కానీ మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. బత్తీలకి గిరాకీ ఉండే కార్తీక మాసం కూడా అప్పుడే. ఫీడర్ సరిగ్గా ఆ రోజుల్లోనే మొరాయించింది.

ఒకసారి రెండు పుల్లలు కలిసి దిగి ఇరుక్కునేవి. ఇంకోసారి అసలు పుల్లే రాక, ఉత్త మసాలా తాడులా బయటికొచ్చేది. బెంగళూరుకి పంపాల్సిన రా బత్తీల (ఇంకా సువాసన అద్దనివి) ఆర్డరు నెత్తిమీద ఉంది. కంపెనీకి ఫోన్ చేస్తే సెన్సార్ పోయిందన్నారు. మార్చాం, తేడా లేదు. తర్వాత రోలర్లు మార్చమన్నారు. అప్పటికి ఆ రోలర్ల రబ్బరు ఇంకా గరుకుగానే ఉంది, పుల్ల జారడమే లేదు. చివరికి "మీ పుల్లలే బాగాలేవు మేడమ్" అని ఫోన్ పెట్టేశారు. ఆ మాటలో సగం నిజముంది. మిగతా సగం ఫీడర్ తప్పు. నా కోపమంతా దాన్ని వాళ్లు ఒక్కసారి కూడా ఒప్పుకోలేదనే.

దారి దొరికింది మా దగ్గర పనిచేసే అమ్మాయి వల్ల. "అక్కా, ఒక్కోసారి ఎప్పుడు తప్పుతుందో ముందే చెప్పగలను, ఒక్కోసారి చెప్పలేను" అంది. అంటే తప్పులు రెండు రకాలు, రెండూ కలిసిపోయి మమ్మల్ని తికమక పెడుతున్నాయి. వాటిని విడదీయడానికి మంచి పుల్లల్ని మాత్రమే ఏరాం: వంకర లేనివి, బాగా ఎండినవి, ఒకే లావు ఉన్నవి. వాటితో నడిపితే ఇష్టమొచ్చినట్టు తప్పడం ఆగిపోయింది. కానీ చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒక పుల్ల తప్పుతూనే ఉంది. చాక్‌పీసుతో గుర్తు పెట్టి చూస్తే ప్రతిసారీ అదే గాడి.

చక్రం విప్పి గాజులమండ్యం పారిశ్రామికవాడలో లేత్ పనిచేసే అన్న దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన భూతద్దం పెట్టి చూశాడు. ఆ గాడి అంచున సన్నని లోహపు ముల్లు ఉంది. పుల్లల నుంచి రాలే పొడి దానికి తట్టుకుని ఆగి, వాన తేమకి గట్టిగా అతుక్కుపోయింది. గాడి లోతు తగ్గి పుల్ల పైకి తేలుతోంది, పైనున్న రేకు దాన్ని వెనక్కి నెట్టేస్తోంది. పొడిబారిన వేసవిలో ఆ పొడి రాలిపోయేది కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు. ఆయన అంచు నున్నగా రుద్ది, ఇత్తడి బ్రష్షుతో గాళ్లన్నీ శుభ్రం చేసిచ్చాడు. తీసుకున్న డబ్బు సెన్సార్ ఖరీదు ముందు లెక్కలోకే రాదు.

రెండో తప్పు పుల్లలది. మా చక్రం గాళ్లు 1.3 మిల్లీమీటర్ల పుల్లకి కోసినవి. 2020 జూన్‌లో వెదురు పుల్లల దిగుమతి సుంకం 10 శాతం నుంచి 25 శాతానికి పెరిగింది. ఆ తర్వాత మాకు వచ్చే మూటల్లో బయటి దేశం సరుకు, త్రిపుర సరుకు రెండూ ఉంటున్నాయి. త్రిపుర పుల్ల తక్కువదని నేననను, చాలా మూటలు చక్కగా నడిచాయి. కలిపి పోస్తేనే గొడవ. సన్నవి రెండు ఒకే గాడిలో దూరతాయి, లావువి రేకు కింద ఇరుక్కుంటాయి. రేకు ఎత్తు సరిచేసుకోవచ్చు గానీ దానికున్నవి రెండు బోల్టులే, కొలత గీతలు లేవు. ఇంత డబ్బు పోసి కొన్న మిషన్‌కి నాలుగు గీతలు గీయడానికి ఏం కష్టం? ఇప్పుడు మూట మారినప్పుడల్లా గుప్పెడు పుల్లల లావుని వెర్నియర్ కొలత పరికరంతో కొలిచి, దాన్నిబట్టి రేకు బిగిస్తున్నాం. వానాకాలంలో మరుసటి రోజుకి కావాల్సిన పుల్లల్ని ముందు రాత్రే బల్బు వేసిన పెట్టెలో పెడుతున్నాం.

కాబట్టి ఈ మిషన్ కొనమంటానా? నాకైతే సొంత షెడ్డుంది, పుల్లలు ఆరబెట్టే చోటుంది, లేత్ షాపు దగ్గర్లో ఉంది, చప్పుడు విని తేడా పట్టే మనిషి ఉంది. ఇవన్నీ ఉన్నవాళ్లకి సరిపోతుంది, నేనూ అమ్మేయాలనుకోవడం లేదు. అద్దె గదిలో ఒంటరిగా నడుపుకునేవాళ్లు, ముఖ్యంగా వానాకాలం ఆర్డర్ల మీదే ఆధారపడేవాళ్లు మాత్రం ఇంకో నాలుగు చూశాకే నిర్ణయించుకోండి. చూడటానికి వెళ్లేటప్పుడు మీరు వాడబోయే పుల్లల మూట వెంట తీసుకెళ్లండి. అక్కడ డెమోకి పోసేవి ఏరిన పుల్లలే. మీ మూట పోసి కనీసం ఒక గంట నడపమనండి, గాళ్ల చక్రం విడిగా అమ్ముతారా అని కూడా అడగండి. మాకు అది ఇంతవరకు దొరకలేదు. ఉన్నదాన్నే నమూనాగా పెట్టి గాజులమండ్యంలో ఇంకొకటి చేయిస్తున్నాం, వచ్చే వానలలోపు బిగించాలి.