జీటీ86కి క్యాట్-బ్యాక్ ఎగ్జాస్ట్ వేసి ఏడాదైంది, ఉన్నదున్నట్టు చెప్తా

ముందే చెప్పేస్తున్నా, పవర్ కోసం అయితే వద్దు. సౌండ్ కోసం అయితే పూర్తిగా చదవండి, ముఖ్యంగా జోరీగ గురించి, అంటే హైవే మీద క్యాబిన్‌లో ఆగకుండా వచ్చే మోత (డ్రోన్ అంటారు) గురించి రాసింది, ఎందుకంటే కొనేముందు నేను లైట్ తీసుకుంది సరిగ్గా దాన్నే.

కారు టొయోటా జీటీ86 మాన్యువల్, 2 లీటర్ల బాక్సర్ ఇంజిన్, 200 హార్స్ పవర్, టర్బో లేదు. నడపడానికి బంగారం లాంటి బండి కానీ సౌండ్ మాత్రం మిక్సీ పక్కింట్లో తిరుగుతున్నట్టు ఉంటుంది. ఈ సంగతి టొయోటా వాళ్ళకి కూడా తెలిసినట్టుంది, ఇంజిన్ గాలి పీల్చే చప్పుడుని క్యాబిన్ లోపలికి పంపడానికి సౌండ్ క్రియేటర్ అని ఒక ట్యూబ్ కూడా పెట్టారు. స్పోర్ట్స్ కారు కొని ట్యూబ్‌లోంచి సౌండ్ వినడమేంటని నాకు మొదటి నుంచీ మనసులో పీకుతూనే ఉండేది.

హెడర్ జోలికి, అంటే ఇంజిన్‌కి ఆనుకుని ఉండే మొదటి ఎగ్జాస్ట్ పైపుల జోలికి వెళ్ళలేదు. ఈ బండికి 3,500 నుంచి 4,500 ఆర్పీఎం దగ్గర టార్క్ ఒక గుంతలో పడి లేస్తుంది, దాన్ని పూడ్చాలంటే హెడర్ మార్చి ట్యూన్ చేయించాలి, అది నిజమే. కానీ పొగలోని విషవాయువుల్ని తగ్గించే మొదటి క్యాటలిటిక్ కన్వర్టర్ ఆ హెడర్‌లోనే ఉంది, అది తీస్తే చెక్ ఇంజిన్ లైటు, పైగా చాలా దేశాల్లో చట్టం ఒప్పుకోదు. క్యాట్-బ్యాక్ అంటే కన్వర్టర్ల తర్వాత నుంచి వెనక బయటికి కనిపించే టిప్ దాకా మాత్రమే మార్చడం, సెన్సార్లు ముందే ఉంటాయి కాబట్టి లైటు గోల ఉండదు. నేను తీసుకుంది రెండున్నర అంగుళాల పైపు, మాండ్రెల్ బెండ్, అంటే వంపు దగ్గర పైపు నొక్కుకుపోకుండా గుండ్రంగానే ఉంటుంది. 3 అంగుళాలది కూడా దొరుకుతుంది కానీ ఈ ఇంజిన్‌కి అది అనవసరం, పైపు మరీ వెడల్పైతే గ్యాస్ వేగం తగ్గి కింద ఆర్పీఎంలో లాగడం ఇంకా నీరసపడుతుంది. దీన్నే చాలామంది ఇంజిన్‌కి బ్యాక్ ప్రెషర్ కావాలి అని తిప్పి చెప్తారు, అది తప్పు, ఇంజిన్‌కి కావాల్సింది గ్యాస్ వేగం, అడ్డు కాదు.

కంపెనీ పేరు రాయను, వాళ్ళతో నా గొడవ ఇంకా తెగలేదు. పెట్టె తెరవగానే మొదటి దెబ్బ, పైపుల అతుకు దగ్గర గ్యాస్ లీకవకుండా పెట్టే గాస్కెట్ లేదు. మాన్యువల్‌లో బొమ్మ ఉంది, పెట్టెలో సరుకు లేదు. రెండోది, ప్రకటనలో మొత్తం 304 స్టెయిన్‌లెస్ స్టీల్ అన్నారు. 304లో దాదాపు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, మాగ్నెట్ దాదాపుగా అంటుకోదు. ఫ్రిజ్ మీద మాగ్నెట్ తెచ్చి పెట్టి చూశా, పైపులకి జారి పడిపోయింది, బాగుంది అనుకున్నా, పైపుల్ని బోల్టులతో కలిపే ఫ్లాంజ్‌ల దగ్గరికి రాగానే టప్పుమని అతుక్కుంది. ఆ ఫ్లాంజ్‌లే ఇప్పుడు ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి. పైపులకి మాత్రం వంక పెట్టలేను, వెల్డింగ్ చీమలబారు లాగా ఒకే వరసలో నీట్‌గా ఉంది, వేడికి ముందు బంగారు రంగు వచ్చి తర్వాత నీలం తిరిగింది, అది నాకు భలే నచ్చింది.

ఫిట్టింగ్ నేనూ మా బావా కలిసి చేశాం. రెండు గంటల పని అని వీడియోల్లో చెప్తారు, మాకు ఒక పూట మొత్తం పట్టింది. తుప్పు పట్టిన బోల్టులకి ముందురోజు రాత్రే పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి ఉంచా, అయినా ఒకటి మొరాయించింది, దాంతోనే తల ప్రాణం తోకకొచ్చింది. పైపుని కారు కింద వేలాడదీసే రబ్బరు హ్యాంగర్లు లాగితే రావు, సబ్బు నీళ్ళు పూసి తిప్పుతూ తోయాలి. జాకీ మీద ఒక్కదాని మీదే నమ్మకం పెట్టి కిందకి దూరకండి, స్టాండ్లు పెట్టాకే దూరండి. ఇంకోటి, స్టార్ట్ చేసేముందు పైపుల మీద వేలిముద్రలన్నీ ఆల్కహాల్‌తో తుడిచేయండి, లేకపోతే వేడికి ఆ మరకలు అలాగే కాలిపోయి ఉండిపోతాయి. మొత్తం తుడిచాననుకున్నా కానీ ఎడమ టిప్ మీద బావ బొటనవేలి ముద్ర ఇప్పటికీ భద్రంగా ఉంది.

మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు పొగ వచ్చింది, కాలిన నూనె వాసన, నాకు గుండె జారిపోయింది. తయారీలో పైపులకి అంటిన నూనె కాలడమే అది, పావుగంటలో ఆగిపోయింది. కానీ ఆ సౌండ్! కోల్డ్ స్టార్ట్‌లో ఒక్కసారి గర్జించి, తర్వాత గొంతు సవరించుకున్నట్టు కిందకి దిగింది. బావ చెవులు మూసుకుని మరీ నవ్వుతున్నాడు. 4,000 దాటాక అసలు మజా, 7,000 దగ్గర వెన్ను జలదరిస్తుంది, టన్నెల్ కనిపిస్తే కావాలనే కిటికీ దించి గేరు తగ్గిస్తున్నా, సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నా.

పవర్ సంగతి. వేసే ముందు ఒకసారి, వేశాక ఒకసారి పవర్ కొలిచే డైనో మీద పెట్టించా, చక్రాల దగ్గర 165 హార్స్ పవర్ నుంచి 169 అయింది. ఆ 4 కూడా రోజు చల్లగా ఉంటే ఒకలా వేడిగా ఉంటే ఒకలా మారే లెక్కే, ప్రకటనలో రాసిన 15 నాకైతే కనిపించలేదు. టర్బో బండికైతే ఇంతకన్నా తేడా తెలుస్తుంది, ముఖ్యంగా టర్బో వెనకే ఉండే డౌన్‌పైప్ మారిస్తే, కానీ టర్బో లేని బండికి క్యాట్-బ్యాక్‌తో వచ్చేది ఇంతే. బరువు మాత్రం నిజంగా తగ్గింది, బాత్రూమ్ స్కేల్ మీద పెడితే పాతది 18 కిలోల దగ్గర, కొత్తది 13 దగ్గర చూపించింది.

ఇక జోరీగ. మొదటి లాంగ్ డ్రైవ్‌లో బయటపడింది. ఆరో గేరులో 100 కిలోమీటర్ల స్పీడ్ అంటే ఈ బండికి దాదాపు 2,700 ఆర్పీఎం. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఒక్క చుట్టుకి రెండుసార్లు ఫైర్ అవుతుంది కాబట్టి అక్కడ సెకనుకి 90 దెబ్బలు, 90 హెర్ట్జ్, ఆ మోతకి క్యాబిన్ మొత్తం డప్పులా పలుకుతుంది. శబ్దం పెద్దదేం కాదు, చెవికన్నా కణతలకి ఎక్కువ తెలుస్తుంది, మాట్లాడుకోవచ్చు, పాటలు వినొచ్చు, కానీ అరగంట అయ్యేసరికి ఎందుకో తెలియని చిరాకు. పక్క సీట్లో నిద్రపోతున్న మా ఆవిడ లేచి, "ఏవండీ, కాసేపు గేరైనా మార్చండి, తల దిమ్మెక్కిపోతోంది" అంది. ఐదులో వేశా. ఆర్పీఎం 3,500కి వెళ్ళింది, మోత టక్కున ఆగింది. ఏడాదిగా హైవే మీద నేను చేస్తున్న ట్యూనింగ్ ఇదే, మైలేజీ పోతే పోయింది.

కంపెనీకి మెయిల్ పెడితే 9 రోజులకి జవాబు, మా ఎగ్జాస్ట్‌కి డ్రోన్ ఉండదు, కావాలంటే మోత తగ్గించే రెజొనేటర్ విడిగా కొనుక్కోండి అని. లేని రోగానికి మందు అమ్ముతున్నారన్నమాట. చివరికి తెలిసిన వెల్డర్ దగ్గర జే-పైప్ వేయించా, అంటే మెయిన్ పైపుకి పక్కన ఒక చివర మూసేసిన కొమ్మ, మీటరు పైన కొంచెం పొడవు. మోత అందులోకి వెళ్ళి మూసిన చివర తగిలి తిరిగొచ్చేసరికి సగం అల ఆలస్యమై, ఎదురొచ్చే మోతని అదే కొట్టేస్తుంది. పొడవు లెక్క 90 హెర్ట్జ్‌కి సరిపోవాలి, వేడి గ్యాస్‌లో శబ్దం వేగం ఎక్కువ కాబట్టి మామూలు గాలి లెక్క వేస్తే పొట్టిదైపోతుంది, మొదటిసారి మాకు జరిగింది అదే, కోసి మళ్ళీ అతికించాడు పాపం. ఇప్పుడు ముప్పావు వంతు పోయింది. మిగతా పావు వంతుకి మా ఆవిడ ఇంకా సర్టిఫికెట్ ఇవ్వలేదు.

కొనేవాళ్ళు వేసిన బండిలో కూర్చుని వినండి, వీడియోలో వినొద్దు. వీడియోలన్నీ బయట నిలబడి రెడ్‌లైన్ దాకా తొక్కినవే, ఆరో గేరులో నింపాదిగా పోయేది ఎవడూ పెట్టడు. చెక్కింగులు గట్టిగా ఉండే చోట ఉంటే ఆమోదం పొందినట్టు చూపే E-మార్క్ (E అక్షరం) స్టాంపు ఉన్నది చూసుకోండి, బడ్జెట్ ఉంటే వాల్వ్ ఉన్నది తీసుకోండి, తెల్లవారుజామున బయల్దేరేటప్పుడు వాల్వ్ మూసుకుంటే చుట్టుపక్కల వాళ్ళతో మాటలు మిగులుతాయి. నాది లేదు, అందుకే నేను స్టార్ట్ చేసి వెంటనే కదిలిపోతా.

మఫ్లర్ (సైలెన్సర్) లోపల మోత పీల్చే ఫైబర్ ప్యాకింగ్ కాలేకొద్దీ సౌండ్ పెరుగుతుందని విన్నా, ఏడాదికే కాస్త బొంగురు పోయింది, ఇంకో ఏడాది చూసి రాస్తా. 5కి 3 ఇస్తున్నా, సౌండ్‌కి 5, ఆ కంపెనీ తీరుకి 1. పాత మఫ్లర్ అమ్మేయకండి, బండి అమ్మేటప్పుడు అడుగుతారు. రబ్బరు హ్యాంగర్లు మాత్రం ముందే కొత్తవి తెప్పించుకోండి, నావి రెండు తీసేటప్పుడే చిరిగాయి.